తోభ్యచరిత్రము - బుక్కపట్నపు సీమలో క్రైస్తవ సంపద్భావము

బుక్కపట్నపు చెరువుకట్టపై నిలిచి చూచువానికి సంపద యను మాటకు నిఘంటువుతో పని లేదు. నీరు నిలిచిన యేడు సంపద. నిలువని యేడు లేమి. నంది కొండలకడ పుట్టిన చిత్రావతి ఈ చెరువును, ఆపైన ధర్మవరపు చెరువును నింపి పెన్నేట గలియును. ఏటికి సగటున 55 సెంటీమీటర్లకు మించి వాన లేని సీమ యిది. ఇచట పచ్చదన మన్నది దైవదత్తమైనంతగా మనుష్యకృతము కూడ. ఊరి పేరును, చెరువు పుట్టుకను జనులు విజయనగరపు బుక్కరాయలతో ముడిపెట్టి చెప్పుదురు. ఆ వంశము చెరువుల విషయమున చూపిన శ్రద్ధకు శాసనములే సాక్షి. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు క్రీ. శ. 1369లో పోరుమామిళ్ళలో వేయించిన శాసనము మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములను, కూడని యారు దోషములను శాస్త్రముగా చెప్పుచున్నది. 1388లో పెనుకొండకు నీరు తెప్పించుటకై ఏటినుండి కాలువ త్రవ్వించిన జలసూత్రజ్ఞుడు సింగాయభట్టు. రాజుల పేర్లు నిండిన శాసనములలో కాలువ త్రవ్వించిన నేర్పరి పేరు నిలుచుట అరుదు. అందుచేతనే దానిని ఇచట ఎత్తి వ్రాసితిమి.

ఇట్టి నేలపై సప్తసంతాన భావన వేళ్ళూనుట సహజము. కొడుకు, నిధి, అగ్రహారము, దేవాలయము, వనము, తటాకము, కృతి - ఈ యేడును మనుజుడు పోయిన పిమ్మట నిలుచునవి గనుక సంతానములైనవి. మన ప్రబంధావతారికలలో కృతిభర్తను పొగడు కవు లందరును ఈ లెక్కను ఏదో యొక రూపమున స్మరించినవారే. ఇందు రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఇచట సంపద అనగా కూడబెట్టినది కాదు, విడిచిపెట్టినది. రెండవది, విడిచిపెట్టగలవాడు ముందు కలవాడై యుండవలెను. చెరువు త్రవ్వించుటకు ధనము, అగ్రహార మిచ్చుటకు భూమి, కృతి నందుటకు పేరు కావలెను. కూలికి మన్ను మోసినవానికి ఈ యేడింటిలో కొడు కొక్కడే దక్కును.

ఈ భావన నిండియున్న సీమలోనికి క్రైస్తవమతము వచ్చినపుడు అది సంపదను గూర్చి యేమి చెప్పెను? సువార్తలో క్రీస్తు భూమిపై ధనము కూర్చుకొనవలదని, చిమ్మెటయు త్రుప్పును తినివేయునని, పరలోకమున కూర్చుకొనుడని బోధించెను. ఈ మాటను తెనిగించుట సులభమే. కాని నిధిని సంతానముగా నెంచు వానికి అది యెట్లు వినబడును? మన పండితులు వెంటనే అభ్యుదయ నిశ్శ్రేయసముల భేదమును తలచి, ఇహలోకపు కలిమి మొదటిది, పరలోకపు మేలు రెండవది యని సర్దుకొందురు. పలువురు వ్యాసకర్తలు అట్లే సర్దుకొనిరి కూడ. ఆ సర్దుబాటు తొందరపాటని మా యభిప్రాయము. ఈ సీమ క్రైస్తవులతో సంబంధము గల తొలి తెలుగు కావ్యమును పరిశీలించినచో సంగతి వేరుగ తోచుచున్నది.

ఆ కావ్యము పింగళి ఎల్లనార్యుని తోభ్యచరిత్రము. సర్వేశ్వరమాహాత్మ్య మని దానికి నామాంతరము. కృతిపతి తుమ్మ రాయపరెడ్డి. తుమ్మ యను నింటిపేరు నేటికిని తెలుగు కథలికులలో వినబడునదే. ఈ కావ్యమును పదునేడవ శతాబ్ది తొలినాళ్ళకు, 1602 ప్రాంతమునకు, ఎక్కించువారు కలరు. ఆ కాలమున యేసుసభ గురువులు తెలుగు నేలపై లేకపోలేదు; 1598లోనే వారు చంద్రగిరిలో వేంకటపతిరాయల కొలువు చేరిరి. అయినను కొలువులో నొక గురు వుండుట వేరు, తెలుగు కావ్యమును కృతి నందగల క్రైస్తవ రెడ్డికుటుంబము పల్లెలో స్థిరపడి యుండుట వేరు. అట్టి కుటుంబములు ఏర్పడినది పదునెనిమిదవ శతాబ్ది తొలి దశాబ్దులలో, పుదుచ్చేరినుండి వచ్చిన ఫ్రెంచి యేసుసభవారి కర్ణాటక మండలము మూలమున. కావున కావ్యమును ఈ రెండవ కాలమునకు దింపుటయే యుక్తమని మాకు తోచుచున్నది. కృతిభర్తను బట్టి కాలమును నిర్ణయించుట మన సారస్వతచరిత్రలో క్రొత్త పద్ధతి కాదు గదా.

ఆ ఫ్రెంచి గురువుల బ్రతుకును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. మధురలో 1606 నుండి రాబర్తు దె నోబిలి త్రొక్కిన త్రోవనే వీరును త్రొక్కిరి. కాషాయము ధరించి, మద్యమాంసములు మాని, సన్న్యాసులవలె మెలగిరి. పుంగనూరు మొదలుకొని చిన్నబళ్ళాపురము, కృష్ణాపురము, బుక్కపట్నమునకు ఈశాన్యమున నున్న ముదిగుబ్బ వరకు వీరి రాకపోకలు సాగెను. ఎతియెన్ ల గాక్ (1671-1738), గాస్తోఁ కేర్దూ (1691-1779) వంటివారు తెలుగు సంస్కృతములు నేర్చిరి. సంస్కృత గ్రీకు లాటిను భాషల చుట్టరికమును గూర్చి కేర్దూ 1767లో ఫ్రాన్సుకు వ్రాసిన లేఖ భాషాశాస్త్ర విద్యార్థు లెరిగినదే. సన్న్యాసి వేషమున నున్న గురువు సంపదను గూర్చి మాటలాడినపుడు శ్రోతకు మొదట కనబడునది ఆతని వేషము. లేమిని కోరి వరించినవాని మాటకు ఈ దేశమున విలువ హెచ్చు. అయితే రెడ్డికాపు సన్న్యాసి కాలేడు. వానికి పొలము, ఎద్దులు, పన్ను, పెండ్లిండ్లు కలవు. వానికి చెప్పదగిన కథ వేరొకటి కావలసి వచ్చెను.

అదియే తోబీతు కథ. పూర్వనిబంధనలోని ఈ గ్రంథమును కథలికులు ప్రమాణముగా గైకొందురు. ప్రొటెస్టంటుల బైబిలులో నిది లేదు. జెరోము పండితుని లాటిను అనువాదమే, వల్గేటు అనబడునది, ఆనాటి కథలిక గురువులకు ప్రమాణపాఠము. గ్రీకు పాఠమున తండ్రి తోబీతు, కొడుకు తోబియా. వల్గేటున తండ్రికిని కొడుకునకును తోబియా యనియే పేరు. మన కావ్యమునకు తోభ్యచరిత్ర మను నామ మబ్బుట ఈ లాటిను పాఠముతో పొసగుచున్నది. పేరు ఒక్కటే అయినను, అది మూలమును పట్టించు చిన్న గుర్తు.

వల్గేటునుబట్టి కథ యిది. ఇశ్రాయేలీయుడగు తోబియా చెరపట్టబడి నీనెవె పట్టణమునకు కొనిపోబడెను. రాజాదరమున గడించిన వెండి పది తలాంతులు వాని యొద్ద నుండెను. మాదీయుల సీమలోని రాగీసున గబాయేలు అను స్వజాతీయుడు ఇబ్బందిలో నుండుట చూచి, ఆ వెండిని పత్రము వ్రాయించుకొని వాని కిచ్చెను. గ్రీకు పాఠమున ఇది దాచుటకై యప్పగించిన సొమ్ము. మన ధర్మశాస్త్రకారుల మాటలో నిక్షేపము. వల్గేటున నిది లేనివాని కిచ్చిన ఋణము. ఈ భేదము పైకి స్వల్పమే కాని, మా విషయమునకు ఆయువుపట్టు. నిక్షేపమున ధనము ధనికునిదే, చోటు మాత్రము మారినది. ఋణమున ధనము పరుని యవసరమునకు వెళ్ళినది. తిరిగి వచ్చునో రాదో తెలియదు, పత్రము మాత్రము పెట్టెలో నున్నది. సప్తసంతానములలోని నిధి నేలలో కదలక యుండును. తోబియా నిధి యొక చుట్టము చేత దున్నబడుచుండెను.

పిమ్మట రాజు మారెను. క్రొత్తరాజు చంపించి పారవేయించిన స్వజనుల శవములను తోబియా రహస్యముగా పూడ్చెను. అది తెలిసి రాజు వాని సర్వస్వమును లాగికొనెను. నలుబదియైదు దినములకు ఆ రాజు కొడుకుల చేతనే చచ్చెను. తోబియా యాస్తి తిరిగి దక్కెను. ఇంతటితో కథ ముగిసినయెడల మంచివానికి మేలు జరిగె నను నీతికథ యయ్యెడిది. కాని అసలు కథ ఇచటనే మొదలు. పండుగ విందునకు కూర్చున్నపుడు వీథిలో నొక శవ మున్నదని విని, ముద్ద ముట్టక లేచి పోయి దానిని దాచెను. మరియొకనా డట్లే పూడ్చివచ్చి, అలసి గోడప్రక్క నిదురింపగా పక్షి రెట్ట కన్నులలో పడి గ్రుడ్డివా డయ్యెను. పుణ్యకార్యము ముగించి వచ్చినవాని కన్నులు పక్షిరెట్టచే పోవుట! ఇందు ఉదాత్తత యేమియు లేదు. పురాణకవి యెవ్వడును తన నాయకు నిట్లు అంధుని చేసి యుండడు. కనీసము శాప మొకటి కల్పించి యుండును.

బంధువులు వచ్చి, నీవు చేసిన దానములు, నీవు పూడ్చిన పీనుగులు నీ కేమి యక్కరకు వచ్చెనని యెత్తిపొడిచిరి. భార్య అన్నా నేతపనికి పోయి, కూలితో మగని పోషించెను. ఒకనాడు కూలితోపాటు మేకపిల్లను తెచ్చెను. దాని యరపు విని గ్రుడ్డివాడు, అది దొంగిలినది కాదు గదా, యజమానున కిచ్చివేయు మనెను. ఆమె మండిపడి, నీ ధర్మ మెంతటిదో యిప్పుడు తెలిసె నని నోరు విడిచెను. ధర్మవరపు మగ్గముల చప్పు డెరిగినవారి కీ ఘట్టమును విడమరచి చెప్ప నక్కర లేదు. దానశీలుడని పేరొందినవాడు ఇప్పుడు ఆలి కూలిపై బ్రతుకుచున్నాడు, ఆ కూలినే శంకించుచున్నాడు. కలిమిలో నిలిచిన ధర్మము లేమిలో పెండ్లాముపై కటువై పడినది. ఈ గ్రంథము తన నాయకునే యిట్లు తూకమున పెట్టుట మాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. వల్గేటు లెక్క ప్రకారము వానికి చూపు పోవునాటికి వయస్సు 56, వచ్చునాటికి 60. నాలుగేండ్లు ఆ యింట మగ్గపు కూలియే ధాన్యము.

తక్కిన కథ తెలిసినదే. చావు దగ్గరపడిన దని తలచి తోబియా కొడుకును పిలిచి యుపదేశించెను. కలిగినపుడు ఎక్కువగా, లేనపుడు ఉన్నంతలోనే మనసార ఇమ్మనెను. మనము పేదవారమైనను దైవభీతి కలిగి పాపము మానినచో మనకు మేళ్ళు మెండుగ కలవని చెప్పెను. కొడుకు ఋణపత్రము పట్టుకొని, మనుష్యరూపమున నున్న రఫాయేలు దూత తోడుగ, కుక్క వెంబడింప పోయెను. చేపపిత్తమును సంపాదించెను, ఏడుగురు పెండ్లికొడుకులను దయ్యము చేత పోగొట్టుకొనిన కన్యను పెండ్లాడెను, వెండిని రాబట్టి తెచ్చెను, తండ్రికి చూపు వచ్చెను. తెచ్చినదానిలో సగము కూలిగా నిత్తుమన్నపుడు తోడువచ్చినవాడు తాను దూతనని తెలిపి, బంగారము కూడబెట్టుటకంటె దానము మేలని చెప్పి మాయమయ్యెను.

మన పాఠకుడు దీనిని వెంటనే హరిశ్చంద్రుని కథతో పోల్చును. పదునైదవ శతాబ్దివాడగు గౌరన ద్విపదలో వ్రాసిన హరిశ్చంద్రోపాఖ్యానము తెలుగువారి కెంత దగ్గరిదో చెప్ప బనిలేదు. ఇందును అందును సర్వస్వనాశము, భార్య కూలి, శవములు, తుదకు పునఃప్రాప్తి కలవు. పోలిక పైపైది కాదు. ఈ కథను తెలుగు చేయదలచినవారు హరిశ్చంద్రు నెరిగిన శ్రోతలను మనసున నుంచుకొనియే యుందురు. కాని తేడా యొకటి కలదు. హరిశ్చంద్రుడు ఇచ్చిన మాట కొరకు కాటికాపరి యయ్యెను. అది పరీక్ష, చూచుచున్న మునులు దేవతలు కలరు. తోబియా పరుల శవములకు మన్ను కప్పుట ఎవ్వరికిని మాట యిచ్చి కాదు. వానిని అందు కెవరును నియోగింపలేదు. చూపు పోయిన పిమ్మట ఇది పరీక్ష యని వానితో చెప్పిన దేవతయు లేదు. యోబునకువలె వానికిని ఓర్పు చూపుటకై యిది సంభవించెనని వల్గేటు పాఠకునితో మాత్రము చెప్పును.

ఇక ఫలశ్రుతి సంగతి. మన కావ్యపురాణములు తుదిని వినినవారికి ఆయురారోగ్యైశ్వర్యములు కలుగు నని ముగియును. తోబియా కథలో చివరకు వెండి, కోడలు, చూపు అన్నియు వచ్చినవి గదా, ఇదియు ఆ త్రోవదే కాదా యని శంకింపవచ్చును. దేవుని నమ్మినవానికి ధనము, జయము తప్పవని చాటు నేటి బోధకులు కొందరు ఈ కథను అట్లే వాడుకొనగలరు. మా సమాధాన మిది: తిరిగి వచ్చిన వెండి క్రొత్త వరము కాదు, పూర్వము లేనివాని కిచ్చినదే. దేవదూత కుండ నింపి యీయలేదు. పత్రము చూపి బాకీ తెచ్చెను. గబాయేలు మాట నిలుపుకొనెను గనుక వెండి వచ్చెను. అనగా ఈ కథలో కలిమి ఇద్దరు మనుష్యుల నడుమ నుండు విశ్వాసముగా నిలిచినది. ఇహపరముల విభజన దీనికి చాలదు. పరలోకపు ధన మనునది ఇచట పొరుగువాని చేతిలో నున్న ధనమే.

కావ్యమునుండి చరిత్రకు వత్తము. కృతి నందినవాడు రెడ్డి. కృతి సప్తసంతానములలో నొకటి. నిధి నిలువదని చెప్పు కథను కృతిగా నొంది, కృతిపతి తన పేరును నిలుపుకొనెను. ఇందు విడ్డూరము కలదు కాని కపటము లేదు. క్రొత్తమతమున చేరినంత మాత్రమున తెలుగు ప్రభువు కృతిపై మమకారము వదలునా? అయితే ఈ కావ్యపు సంపద్భావము ఇచ్చువాని వైపునుండి చూచినదే. గురువులు వర్ణభేదములను పాటించుచునే మతము చెప్పిరి. సన్న్యాసి వేషము మాలమాదిగల గుడిసెల వైపు అంత సులభముగా నడువలేదు. మరియొక ముచ్చట. కేర్దూ 1742లో ఈ దేశపు అద్దకపు పనితనమును వివరముగా వ్రాసి ఫ్రాన్సుకు పంపెను. తనచేత మతము పుచ్చుకొన్న అద్దకపువారి నడిగి తెలిసికొన్నానని తానే చెప్పెను. పరలోకపు ధనమును బోధించిన చేతితోనే పనివాని ఏకైక ధనమైన వృత్తిరహస్యము సముద్రము దాటినది. ఆయన దురుద్దేశముతో చేసె ననము, విద్యాసక్తుడు. కాని గబాయేలు పత్రము వంటి దొకటి ఆ అద్దకపువారికి ఎవ్వరును వ్రాసి యీయలేదు.

ఆ రెడ్డికుటుంబములకును కలిమి నిలువలేదు. పదునెనిమిదవ శతాబ్దిలో ముదిగుబ్బ మొదలగు చోట్లనుండి తమ పూర్వులు కదలి వచ్చిరని గుంటూరు సీమలోని కథలిక రెడ్లు నేటికిని చెప్పుకొందురు. యేసుసభ 1764లో ఫ్రాన్సు రాజ్యమున, 1773లో పోపు ఆజ్ఞచే అంతటను రద్దయ్యెను; 1776లో పుదుచ్చేరి మండలము పారిసు విదేశ మిషనువారి చేతికి వచ్చెను. భూమి పోయినది, గురువులు పోయిరి, కథ మిగిలెను.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ సీమకు లండను మిషనువారు వచ్చిరి. 1810లో బళ్ళారిలో మొదలైన వారి పని తరువాత గుత్తి, అనంతపురముల వరకు వ్యాపించెను. వారి బైబిలులో తోబీతు గ్రంథము లేదు గనుక, ఒక్క జిల్లాలోనే ఒక క్రైస్తవునకు మేకపిల్ల కథ తెలియును, వేరొకనికి తెలియదు. వీరి కాలమున ప్రశ్న తారుమారయ్యెను: ఇచ్చువాని ధర్మము కాదు, పుచ్చుకొనువాని విశ్వాసము శంకకు గురియయ్యెను. 1876-78 నాటి ధాత కరువులో గంజికై మతము మారి రను నింద పుట్టెను. ఈ విషయమున మన సీమకు వెలుపలిదైనను ఒంగోలు సంగతి చెప్పక తప్పదు. అచట అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువుపనిగా బకింగుహాము కాలువలో కొంతభాగమును త్రవ్వించి వేలమందికి కూలి యిప్పించెను. ఆ కాలమంతయు బాప్తిస్మము లిచ్చుట ఆపివేసెను. కూలికొరకు వచ్చినవా డెవడో, విశ్వసించి వచ్చినవా డెవడో తేలవలెనని యుద్దేశము. సాయము నిలిచిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మము పొందిరి. మేకపిల్ల యెక్కడిదని తోబియా అడిగిన ప్రశ్నయే ఇది. అయితే ఈసారి జవాబునకు కాలము చాలినంత యిచ్చిరి.

పుచ్చుకొనువాని వైపునుండి కావ్యము చెప్పినవాడు గుఱ్ఱము జాషువ (1895-1971). క్రీస్తుచరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కార మందిన ఈ కవియే, 1941లో గబ్బిలము ద్వారా నిరుపేద మొరను కాశీశ్వరునకు పంపెను. ఎల్లనార్యుని కృతిపతికిని జాషువ నాయకునికిని నడుమ రెండు శతాబ్దులకు పైబడిన దూరము కలదు. క్రైస్తవ సంపద్భావమును పరిశోధింపబూనువారు మొదటిదానినే చదివి రెండవదానిని విడిచినచో, చెరువు త్రవ్వించినవాని శాసనము చదివి మన్ను మోసినవానిని మరచిన ట్లగును.

తుదకు మన సీమకే తిరిగి వత్తము. బార్సెలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో యేసుసభ సభ్యుడుగా భారతదేశమునకు వచ్చెను. మహారాష్ట్రములోని మన్మాడు ప్రాంతమున బావులు త్రవ్వుకొను రైతులకు గోధుమలు, నూనె ఇచ్చి, వీలైనపుడు తిరిగి యిమ్మనెను. 1968లో దేశము విడిచిపొమ్మని యుత్తరువు వచ్చెను. 1969లో తిరిగి వచ్చి అనంతపురమున స్థిరపడెను. 1970లో సభను విడిచి గృహస్థుడయ్యెను. ఆయన స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మతప్రచారము చేయలేదు. దళితులు మొదలగు పేదల ఇండ్లు, బడులు, నీటివనరులు, వైద్యము దాని పనులు. సన్న్యాసి వేషముతో ఈ సీమకు వచ్చిన పూర్వపు యేసుసభవారు ధనమును గూర్చి చెప్పిరి. సభను వదలి వచ్చిన ఈయన చెప్పుట మాని యిచ్చెను. ఈ రెంటిలో నేది క్రైస్తవ మని యెవరైన నడిగినచో మా మొగ్గు రెండవ దానివైపే, కాని మొదటివారి కథ లేక రెండవవాని పని మనకు పూర్తిగా బోధపడదు. బావికై యిచ్చిన గోధుమకు వడ్డీ లేదు, గడువు లేదు; గబాయేలు పత్రమునకును గడువు వ్రాసిన జాడ కథలో లేదు. ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురమున మరణించెను. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో, ధర్మవరమునకు చేరువ, బత్తలపల్లిలో తన సంస్థ కట్టించిన ఆసుపత్రి యున్న యూరనే ఆయనను పూడ్చిరి.